తెర మీద లేని మనిషి

బిలాస్‌పూర్, రైల్వే కాలనీ
18 జూన్ 1997

ఒసేవ్ మైత్రీ,

లెక్చరర్‌వి అయ్యాక నన్ను మరిచిపోయావని నాలుగు చీవాట్లు పెడదామనుకున్నాను. కానీ ఈసారి నాకే నీతో పని పడింది కాబట్టి చీవాట్లు వాయిదా వేశాను.

మీ నాన్నగారికి బ్యాంకులో బదిలీ అయి మీరు హైదరాబాద్ వెళ్ళిపోయాక నేను టైపు నేర్చుకున్నానని, బెల్తరా ఊరు దాటాక ఉన్న బొగ్గు వాషరీలో టైపిస్టుగా చేరానని, అక్కడే బెల్టుల ఫిట్టరు గిరిబాబుని చేసుకున్నానని నీకు తెలుసు. అక్కడి నుంచి చెబుతాను. గని నుంచి వచ్చిన బొగ్గుని కడిగి, రాయిని వేరు చేసి, మళ్ళీ వ్యాగన్లకి ఎక్కించే చోటు మాది. బొగ్గంతా ఆరు పెద్ద రబ్బరు బెల్టుల మీద నడుస్తుంది. పోయిన నెల ఆ బెల్టులు కంప్యూటర్ చేతికి వచ్చాయి, ఆ కంప్యూటర్ నా చేతికి వచ్చింది. ఎందుకంటావా, కీబోర్డు వంక చూడకుండా టైపు కొట్టేది మా కంపెనీలో నేనొక్కదాన్నే. "టైపు వచ్చు కదా, ఇదీ అదే" అన్నారు మేనేజర్ సాబ్. మా అత్తయ్య అప్పయమ్మ క్వార్టర్ల వరసంతా చెప్పుకుని వచ్చింది: "మా కోడలు ఏసీ గదిలో కూకుని మీటలు నొక్కుతాది. ఒళ్ళు నలగదు, సీర నలగదు."

నాకు మాత్రం అన్నం సయించడం లేదే.

ఇదివరకు స్విచ్ గదిలో గోడకి బెల్టులు నడిపే ఆరు పిడులుండేవి, బెల్టుకి ఒకటి. తడి బొగ్గు రాలి బెల్టు కింద పేరుకుపోతే ఎవరో ఒకరు లోపలికి దూరి పారతో లాగెయ్యాలి. దూరే ముందు అతను భుజం మీది తువ్వాలు తీసి ఆ బెల్టు పిడికి కట్టి వెళ్ళేవాడు. తువ్వాలు కట్టిన పిడిని ఇంకొకరు ముట్టుకోరు, మేనేజర్ అయినా సరే. కట్టినవాడే బయటికి వచ్చి విప్పుకోవాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు, ఏ రూలు పుస్తకంలోనూ లేదు. కానీ ఆ బెల్టుల కింద ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు పిడులు పీకేశారు. తెర మీద ఆరు గీతలున్నాయి. ఆగిన బెల్టు తెల్లగా, నడిచే బెల్టు పచ్చగా కనిపిస్తుంది. నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే ఎక్కడో నేను చూడలేని చోట బెల్టు కదులుతుంది. దాని కింద మనిషి ఉన్నాడో లేడో తెరకి తెలీదు, నాకూ తెలీదు. ముందు హూటర్ మోగుతుంది కదా అంటారు. ఏ బెల్టు కదిలినా మోగేది ఆ ఒక్క హూటరే. రోజంతా మోగుతూనే ఉంటే దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

నువ్వు కాలేజీలో కంప్యూటర్‌కీ మనిషికీ ఎలా కుదురుతుందో అదేదో కొత్త పాఠం చెప్పబోతున్నానన్నావు. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఎంటర్ మీద వేలు పెట్టినప్పుడల్లా కింద ఎవరైనా ఉన్నారేమోనని మళ్ళీ వెనక్కి తీసేస్తున్నాను. ఇది ఉత్త పిచ్చి అని ఒక్క మాట రాయి, నమ్మేస్తాను.

నీ
నీలవేణి

*

హైదరాబాద్, విద్యానగర్
2 జూలై 1997

నీలూ,

పిచ్చి అని రాయను. రాస్తే నేను పాఠం చెప్పడం మానుకోవాలి.

మా పాఠం పేరు హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్. పేరు విని మా హెడ్ గారు "కంప్యూటర్ గురించి చెప్పండమ్మా, మనుషుల గురించి పిల్లలకి ఇంట్లో చెప్పుకుంటారు" అని నవ్వారు. లైబ్రరీలో పుస్తకం లేదు. నేనే నోట్సు రాసుకుంటున్నాను. మొదటి రోజు చెప్పబోయేది నీకే ముందు చెబుతాను, విని ఆవలించకు.

మా వరండాలో ఆరు స్విచ్చులున్న బోర్డు ఉంది. చుట్టాలెవరు వచ్చినా ఫ్యాను వెయ్యబోయి ముందు లైటు వేస్తారు, తర్వాత కాలింగ్ బెల్ మోగిస్తారు. మోగించి "అయ్యో, నా తెలివి మండిపోనూ" అని తమని తామే తిట్టుకుంటారు. మండాల్సింది వాళ్ళ తెలివి కాదు, ఆ బోర్డు బిగించినవాడి తెలివి. మా శాస్త్రం ఇక్కడ మొదలవుతుంది. యంత్రం ముందు కూర్చున్న మనిషికి రెండు సందేహాలుంటాయి. నేననుకున్నది దీనితో ఎలా చేయించాలి? అది ఏం చేసిందో నాకెలా తెలుస్తుంది? ఈ రెండిటికీ జవాబు కళ్ళెదురుగా ఉండేట్టు యంత్రాన్ని తయారుచెయ్యాలి. మనిషి తప్పు చేస్తే ముందు మనిషిని కాదు, తెరని చూడాలి.

నీ తువ్వాలు సంగతి చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డానంటే నమ్ము. ఎంత మంచి ఏర్పాటే అది! చెయ్యి పెట్టబోయే చోటే హెచ్చరిక ఉంటుంది. చూడకుండా చెయ్యి పెట్టినా గుడ్డ తగులుతుంది. ఎవరిదో కూడా తెలుస్తుంది. మీ కంప్యూటర్ తెచ్చినవాళ్ళు పిడిని చూశారు గానీ తువ్వాలుని చూడలేదు. నీ భయం ఆ తువ్వాలు పోయిన చోట పుట్టింది. అది పిచ్చి కాదు.

ఆ తెర బొమ్మ ఉన్నదున్నట్టు గీసి పంపు. బెల్టుల దగ్గర ఒక ఫోను పెట్టించమని అడుగు. దిగేవాడు నీకు చెప్పి దిగాలి. ఇంకోటి: కరెంటు ఫ్యూజు పీకి జేబులో వేసుకుని దిగే వీలుందేమో గిరిని కనుక్కోమను. అలా చేస్తే నువ్వు ఎన్నిసార్లు ఎంటర్ నొక్కినా బెల్టు కదలదు.

గిరి జాగ్రత్త. నువ్వూ.

మైత్రి

*

బిలాస్‌పూర్
25 జూలై 1997

మైత్రీ,

బొమ్మ దీనితో పంపుతున్నాను. నా చిత్రకళ చూసి నవ్వకు, అసలు తెర కూడా ఇంతకంటే అందంగా ఏమీ లేదు.

ఫోను అడిగాను. "ముందు వ్యాగన్లు నింపండి, తర్వాత ఫోన్లు" అన్నారు. ఫ్యూజుల గదికి కొత్త ఏర్పాటుతోపాటు తాళం పడిపోయింది. తాళం చెవి మేనేజర్ సాబ్ దగ్గరే ఉంటుంది. కంప్యూటర్ ఉండగా ఎవరూ ఫ్యూజుల్లో వేలు పెట్టకూడదట.

మన వాళ్ళేం చేశారో చెప్పమంటావా? బెల్టు ముఠాలో పెద్దవాడు జగన్నాథం మామ ఒక రోజు బూట్ల బురదతో సరాసరి నా ఏసీ గదిలోకి వచ్చేశాడు. "అమ్మీ, పిడి ఏదే?" అన్నాడు. పిడి లేదు మామా, ఇదిగో ఈ తెరే అన్నాను. అలాగా అని తన తువ్వాలు తీసి తెర నెత్తిన కప్పేసి, "నేను రెండో దాని కింద ఉంటాను" అని వెళ్ళిపోయాడు. వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్ళవీ కప్పారు. వానలు కదా, బొగ్గంతా ముద్దలు ముద్దలుగా రాలుతోంది, అందరూ దిగుతున్నారు. కంప్యూటర్ పెళ్ళికూతురిలా ముసుగేసుకుని కూర్చుంది. నాకు గీతలు కనపడవు. నడిచే బెల్టులు కూడా ఆపలేను. నేను తువ్వాలు అంచు ఎత్తి కిందనుంచి తొంగి చూస్తుంటే మేనేజర్ సాబ్ లోపలికి వచ్చారు. చూడాలి ఆయన మొహం! "ఇది కంట్రోల్ రూమా, ధోబీ ఘాటా?" అని అరిచారు.

ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆ రోజు నవ్వు రాలేదు. చివరికి ఒక ఉపాయం ఆలోచించాను. తెర పక్క గోడకి ఆరు మేకులు కొట్టించి, మీద ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు అంటించాను. దిగేవాడు వచ్చి తన బెల్టు మేకుకి తువ్వాలు తగిలిస్తాడు. నేను ఎంటర్ నొక్కే ముందు గోడ వంక చూస్తాను. ఎలా ఉంది నా తెలివి? ఈ వారం కొంచెం అన్నం తిన్నాను.

నీలవేణి

*

హైదరాబాద్
9 ఆగస్టు 1997

నీలూ,

భేష్! నీ మేకులకి నూటికి నూరు మార్కులు వేశాను. నీ ఉత్తరం క్లాసులో చదివాను, కోపం తెచ్చుకోకు, పేరు చెప్పలేదు. ముసుగేసుకున్న కంప్యూటర్ దగ్గర అందరూ పడి పడి నవ్వారు. ఒకమ్మాయి మాత్రం చెయ్యెత్తి "మేడమ్, ఆ గదిలోకి ఇంకెవరెవరు వస్తారు?" అని అడిగింది. ఎవరొస్తే ఏమిటి అని కూర్చోబెట్టేశాను. నీ మేకులు మా పరీక్షలో ప్రశ్నగా ఇవ్వబోతున్నాను.

ఇక కంటినిండా నిద్రపో.

మైత్రి

*

బిలాస్‌పూర్
30 ఆగస్టు 1997

మైత్రీ,

బెల్టు కింద మనిషి ఉండగా నేను బెల్టు నడిపాను.

బతికాడు. ముందు అది చెబుతున్నాను.

బుధవారం యజమానులు చూడటానికి వస్తున్నారని పొద్దున్నుంచి హడావిడి. మేనేజర్ సాబ్ నన్ను తన గదిలోకి పిలిచి ఏవో కాగితాలు టైపు చేయించారు. నేను లేనప్పుడు ఒక ఫిట్టరు నా గదికి వచ్చి నాలుగో మేకుకి తువ్వాలు తగిలించి దిగాడు. ఆ తర్వాత ఊడ్చే అసిరమ్మ వచ్చింది. ఆవిడ ఆఫీసు మనిషి, బెల్టుల వైపు ఎన్నడూ వెళ్ళలేదు. ఏసీ గదిలో తెల్లటి గోడ మీద బొగ్గు మసి పట్టిన గుడ్డ వేలాడుతుంటే ఆవిడకి మాసిన గుడ్డలాగే కనపడింది. తీసి బాల్చీలో సబ్బునీళ్ళలో నానేసింది. నేను తిరిగి వచ్చాను. గోడ చూశాను, మైత్రీ. ఒట్టేసి చెబుతున్నాను, చూశాను. నాలుగో మేకు ఖాళీగా ఉంది. నాలుగు కొట్టి ఎంటర్ నొక్కాను.

గీత పచ్చబడింది. కాసేపట్లోనే ఎర్రబడి, పక్కన ఫాల్ట్ అని వచ్చింది. అంతే. ఆ తెర నాకు చెప్పింది అంతే. బెల్టు పాడైందనుకుని నేను విసుక్కున్నాను కూడా. ఇంతలో బయట కేకలు.

బెల్టు పొడుగునా ప్రమాదంలో లాగడానికి ఒక తాడు ఉంటుంది. రోలరు అతని చొక్కా చెయ్యి పట్టి లోపలికి గుంజుతుంటే రెండో చేత్తో ఆ తాడు అందుకుని లాగాడు. మోచేతి నుంచి భుజం దాకా తోలు లేచిపోయింది. తాడు అందకపోయి ఉంటే ఏమయ్యేదో రాయలేను, రాయను.

షిఫ్టు మారే వేళ కాబట్టి నొక్కింది నేనో, నా తర్వాత ఆపరేటరు శంకరరావో ఎవరికీ సరిగ్గా తెలీదు. నేను చెప్పలేదు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో మిక్సీ స్విచ్ వెయ్యబోయినా ముందు వంగి బల్ల కింద చూస్తున్నాను.

నీలవేణి

*

హైదరాబాద్
8 సెప్టెంబరు 1997

నీలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదట ఒక్కటి చెప్పు. ఆ ఫిట్టరు గిరి కాదు కదా? నువ్వు పేరు రాయలేదు.

తప్పు నీది కాదు. ఈ మాట నేను క్లాసులో ఎంత సునాయాసంగా అంటానో, ఇప్పుడు రాయడానికి అంత సిగ్గుగా ఉంది. అసిరమ్మదీ కాదు. పిడికి కట్టిన తువ్వాలు హెచ్చరిక. అదే తువ్వాలు ఆఫీసు గోడకి తగిలిస్తే ఉతకాల్సిన గుడ్డ. నేను అది చూడకుండా భేష్ అన్నాను. ఆ అమ్మాయి అడిగింది కూడా.

ఇంకోటి ఇప్పుడే తెలిసొచ్చింది. మా నోట్సులో ఎక్కడ చూసినా 'వాడేవాడు' అంటే కుర్చీలో కూర్చున్న మనిషే. బెల్టు కింద ఉన్నవాడు మీటా ముట్టడు, తెరా చూడడు. అయినా ఆ కంప్యూటర్ ఏం చేస్తే అది పడేది అతని ఒంటి మీదే. అతన్ని లెక్కలోకి తీసుకోకుండా తెర గీశారు. పాఠమూ నేను అలాగే రాశాను.

నేను ఊరుకోలేకపోయాను. మీ మేనేజర్ గారికి మా కాలేజీ కాగితం మీద ఇంగ్లీషులో వివరంగా రాసి రిజిస్టర్ పోస్టులో పంపాను. జరిగింది రాశాను. తెర ఎలా మార్చాలో బొమ్మ గీసి పెట్టాను: బెల్టు కిందకి మనిషి దిగితే గీత పక్కన మనిషి బొమ్మ వెలగాలి, దిగినవాడు తన సొంత నంబరు కొట్టి తీసేదాకా ఆ బెల్టుకి ఎంటర్ పని చెయ్యకూడదు. వాళ్ళు వినకపోతే ఇంకా పైకి రాస్తాను.

వెంటనే జవాబు రాయి.

మైత్రి

*

బిలాస్‌పూర్
19 సెప్టెంబరు 1997

మైత్రి గారికి,

ఎవరు రాయమన్నారు నిన్ను? ఎవరిని అడిగి రాశావు?

మేనేజర్ సాబ్ నీ ఉత్తరం చేత్తో పట్టుకుని మధ్యాహ్నం షెడ్డులో అందరినీ నిలబెట్టి, హిందీలో అర్థం చెబుతూ చదివారు. "మీ ఆపరేటర్ నీలవేణి ఎంటర్ నొక్కినప్పుడు" అని నువ్వు రాసిన వాక్యం దగ్గర ఆగి నా వంక చూశారు. అందరూ చూశారు. గిరి కూడా చూశాడు.

అవును, గిరే. నాలుగో బెల్టు కింద ఉన్నది నా మొగుడే. నీకు రాయడానికి చెయ్యి రాలేదు, అందుకని ఒక ఫిట్టరు అన్నాను. అసిరమ్మ ఆ తువ్వాలు ఎందుకు ఉతికిందో తెలుసా? అది గిరిదని గుర్తుపట్టి. "నీ మొగుడి తువ్వాలే గదమ్మా, మసి పట్టిపోనాదని ఉతికీసినాను" అని ఆరేసిన గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. నా మీద ప్రేమకొద్దీ చేసిన పని. ఆవిడకి ఇప్పటికీ సంగతి తెలీదు. నేను ఎలా చెప్పను?

గిరి ఇంట్లో ఏమనుకున్నాడో విను. "ఆ శంకర్రావుగాడే నొక్కీసినాడు. ఆడికి ఒళ్ళు తెలీదు" అన్నాడు. నేను పక్కన కూర్చుని భుజానికి మందు రాస్తూ ఊఁ అన్నాను. ప్రతి పూటా మందు రాశాను, ప్రతి పూటా చెబుదామనుకున్నాను. మందు తగిలి అతను ఇస్స్ అన్నప్పుడల్లా నోరు పడిపోయేది. రేపు చెబుదాం, పుండు మానాక చెబుదాం అనుకున్నాను. నువ్వు మా మేనేజర్ చేత షెడ్డులో చెప్పించావు.

ఇంటికి వచ్చాక గిరి మందు సీసా నా చేతిలోంచి లాక్కున్నాడు. మందు తనే రాసుకుంటున్నాడు. వీపు వైపు చెయ్యి అందదు. వాళ్ళమ్మని పిలిచి రాయించుకుంటున్నాడు. ఆవిడకీ తెలిసిపోయింది. "అదేటే, మొగుడున్నాడో లేడో సూసుకోవా" అని ఏడుస్తోంది. నన్ను కుర్చీలోంచి లేపి ఇంట్లో కూర్చోమన్నారు. ఏ ప్రమాదం జరిగినా పూర్తి బాధ్యత ఆపరేటర్‌దే అని ఒక కాగితం మీద సంతకం పెడితే అప్పుడు రమ్మన్నారు. శంకరరావు రెండు షిఫ్టులూ చూసుకుంటున్నాడు. రాజ్‌కిశోర్ నగర్ కుర్రాడు, మంచివాడే. కానీ బెల్టు కిందకి ఒక్కసారీ వంగి చూడలేదు. హుషారుగా పాట పాడుకుంటూ టకటకా నొక్కుతాడట. ఆ పుండుతోనే రోజూ మా ఆయన దిగుతున్నాడు, పైన వాడు పాడుతున్నాడు. నేను ఇంట్లో కూర్చుని గడియారం చూస్తున్నాను.

నీ క్లాసులో ఇది కూడా చదివి వినిపించు.

నీలవేణి

*

హైదరాబాద్
27 సెప్టెంబరు 1997

నీలూ,

క్షమించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను. నిన్ను అడక్కుండా నీ పేరు రాశాను. తెర గీసినవాళ్ళు బెల్టు కింద మనిషిని చూడలేదని అంత గట్టిగా రాసిన దాన్ని, ఆ ఉత్తరం వెళ్ళి ఎవరి మీద పడుతుందో నేనూ చూడలేదు.

సంతకం పెట్టకు. ఆ ఉద్యోగం వదిలెయ్యి. గిరినీ మానిపించు. ఇక్కడికి వచ్చెయ్యండి, మా ఇంట్లో ఉండొచ్చు, ఏదో ఒక పని దొరుకుతుంది. నాకు నిజంగా భయంగా ఉంది.

మైత్రి

*

హైదరాబాద్
14 అక్టోబరు 1997

నీలూ,

జవాబు లేదు. తిట్టడానికైనా ఒక కార్డు ముక్క రాయి. మా గేటు దగ్గర పోస్ట్‌మన్ సైకిల్ బెల్లు వినపడితే చెప్పులు లేకుండానే పరిగెడుతున్నాను. అందరూ బాగున్నారని ఒక్క ముక్క రాయి చాలు.

మైత్రి

*

బిలాస్‌పూర్, రైల్వే కాలనీ
22 అక్టోబరు 1997

మైత్రీ,

బాగున్నాం. నీ మీద కోపం పోయిందని అబద్ధం చెప్పను, సగం పోయింది. మిగతా సగం నువ్వు వచ్చి నా చేతి దెబ్బలు తిన్నాక పోతుంది.

నీ మాట విన్నాను. రాజీనామా రాసుకుని కంపెనీ బస్సెక్కాను. ఇక ఆ మీట నేను నొక్కక్కర్లేదు అనుకుంటే ఎంత హాయిగా అనిపించిందో! అన్నాళ్ళకి దారిలో చెట్లూ మనుషులూ కళ్ళకి ఆనారు.

గేటు దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. ముఠా అంతా పారలు కింద పెట్టి కూర్చున్నారు. ముందురోజు జగన్నాథం మామ బెల్టు కిందకి దిగబోతుండగా అది కదిలిందట, వెనక్కి పడబట్టి బతికాడు. మేకుకి మామ తగిలించిన తువ్వాలు శంకరరావు చూడలేదు. అప్పటినుంచి ఒక్కరూ దిగలేదు. బెల్టుల కింద బొగ్గు మోకాలెత్తు పేరుకుని అన్నీ నిలిచిపోయాయి, పక్క పట్టాల మీద వ్యాగన్లు ఖాళీగా నిలబడ్డాయి. మేనేజర్ సాబ్ మెత్తబడి మాట్లాడుతున్నారు. నీ బొమ్మ కలకత్తా ఇంజినీరుకి పంపారట, దీపావళి వెళ్ళాక వచ్చి తెర మారుస్తాడట, అంతవరకు సర్దుకోమంటున్నారు.

"అచ్ఛా సాబ్, సర్దుకుంటాం" అన్నాడు జగన్నాథం మామ. "అయితే ఫ్యూజుల గది తాళం మా సేతికియ్యండి. నేదంటే నీలవేణిని ఆ కుర్చీలో కూకోబెట్టండి."

తాళం ఇవ్వడం కుదరదన్నారు ఆయన. నన్ను చూసి, "ఈమే కదయ్యా ఆ రోజు నొక్కింది? ఇద్దరూ నొక్కేది అదే మీట. తేడా ఏమిటి?" అన్నారు.

"ఈ గుంటకి భయముంది సాబ్. ఆ గుంటడికి నేదు. భయం నేనోడు పైన కూకుంటే మేం దిగం."

తాళం కంటే నన్ను ఇవ్వడమే తేలిక కదా, వెంటనే ఒప్పుకున్నారు. సంతకం మాట మళ్ళీ ఎత్తలేదు. బెల్టుల దగ్గర ఫోను మాత్రం ఆ సాయంత్రమే పెట్టించారు. నన్ను ఎవరూ అడగలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. రాజీనామా జేబురుమాల్లో చుట్టి పట్టుకుని ఇంటికి వచ్చేశాను. నా వల్ల కాదని చెప్పెయ్యడానికి గిరి ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. అన్నాళ్ళ తర్వాత అతనితో మాట్లాడటం అదే.

"నేను కూర్చోను గిరీ. ఆ మీట ఇక నేను ముట్టలేను. శంకరరావు కాకపోతే ఇంకొకరిని పెట్టుకోమను."

అతను నా చేతిలోని జేబురుమాలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత "నువ్వు కూకుంటేనే నేను దిగుతాను" అన్నాడు.

"నిన్ను చంపబోయింది నేనే కదా!"

"అందుకే" అన్నాడు.

అని చొక్కా విప్పి, వీపు నా వైపు తిప్పి, మందు సీసా నా చేతికిచ్చాడు. పుండు చాలావరకు మానింది, మైత్రీ. అంచుల దగ్గర కొత్త తోలు గులాబీ రంగులో వచ్చింది. నేను రాస్తూ ఏడుస్తుంటే "ఏడవకే, సురుక్కుమంటాంది" అన్నాడు.

సోమవారం నుంచి మళ్ళీ కూర్చుంటున్నాను. దిగేవాడు ఫోను చేసి పేరు చెబుతాడు, బయటికి వచ్చి తనే మళ్ళీ ఫోను చెయ్యాలి. ఆ రెండో ఫోను వచ్చేదాకా నేను కుర్చీ నుంచి లేవను, మేనేజర్ పిలిచినా లేవను, నీళ్ళు కూడా తాగను. చేతులు రెండూ కుర్చీ కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంటాను. శంకరరావు షిఫ్టులో ఎవరూ దిగరు, అతను నన్ను చూసి నవ్వుతాడు. నవ్వనీ.

బస్సు హారన్ కొడుతోంది, ముగిస్తాను. నీ కలకత్తా ఇంజినీరుని బేగి రమ్మని ఇంకో ఉత్తరం రాయి. ఈసారి నన్ను అడిగావనే అనుకో. ఈ రోజు నాలుగో బెల్టు కింద గిరిదే వంతు, పైన కుర్చీలో నేనుంటాను. నాకు చాలా భయంగా ఉంది.

నీ
నీలవేణి